బొమ్మకు కదలిక నేర్పే శాస్త్రం

నిమ్మనపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో డిజైన్ పని అంటే ఇన్నాళ్లూ ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు, కరపత్రాలు, దుకాణాల బోర్డులు. ఫొటోషాప్, కోరల్‌డ్రా, పేజ్‌మేకర్ నేర్చుకున్న యువతీ యువకులు డీటీపీ సెంటర్లలో కుదురుకున్నారు. ఇప్పుడు ఆ పని స్వరూపమే మారుతోంది. పెళ్లి పిలుపు వాట్సాప్‌లో వీడియోగా వస్తోంది. దుకాణం ప్రకటన ఫోన్ తెరపై కదిలే బొమ్మగా కనిపిస్తోంది. మార్కెట్లో టమాటా అమ్మిన రైతుకు డబ్బు జమైన సంగతిని తెరపై మెరిసి నిలిచే పచ్చని టిక్కు గుర్తు చెబుతోంది. నిశ్చల చిత్రం గీయడం వచ్చిన డిజైనర్ ఎక్కవలసిన తర్వాతి మెట్టు యానిమేషన్.

ఆ మెట్టు ఎక్కాలనుకునేవారు మొట్టమొదట అడిగేది ‘ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?’ అని. అవసరమైన ప్రశ్నే. కానీ దానికంటే ముందు అడగవలసింది మరొకటి ఉంది: బొమ్మ కదిలినట్టు మనకు ఎందుకు కనిపిస్తుంది? ఏ కదలిక సహజంగా ఉంటుంది, ఏది ఉండదు? సాఫ్ట్‌వేర్లు వస్తాయి, పోతాయి. కదలిక వెనుక ఉన్న భౌతికశాస్త్రం, గణితం, దృష్టిశాస్త్రం మాత్రం స్థిరంగా ఉంటాయి. వాటిని ఆకళించుకున్నవారికి సాఫ్ట్‌వేర్ త్వరగా చేతికి లొంగుతుంది. మీటలు మాత్రమే నేర్చుకున్నవారు కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మొదటికి రావలసి వస్తుంది.

కన్ను చూసేది, మెదడు కూర్చేది

1832లో బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో ఒక గుండ్రని అట్ట అంచు వెంబడి వరుసగా బొమ్మలు గీసి, సన్నని చీలికలు పెట్టి, అద్దం ముందు తిప్పి చూపించాడు. విడివిడి బొమ్మలు ఒకే బొమ్మగా కలిసి నాట్యం చేసినట్టు కనిపించాయి. కంటి రెటీనా మీద పడిన ప్రతిబింబం కొద్దిసేపు నిలిచి ఉండటమే దీనికి కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ వివరణ చాలదు. ప్రతిబింబాలు నిలిచిపోవడమే జరిగితే బొమ్మలు ఒకదానిమీద ఒకటి పడి అలుక్కుపోవాలి గానీ కదలిక కనిపించకూడదు.

1912లో జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మాక్స్ వెర్థైమర్ ఈ చిక్కును విప్పాడు. పక్కపక్కన ఉన్న రెండు గీతలను ఒకదాని తర్వాత ఒకటి వెలిగిస్తూ, మధ్య వ్యవధిని మార్చి చూశాడు. వ్యవధి బాగా ఎక్కువైతే రెండు గీతలు వేర్వేరుగా వెలిగినట్టు, బాగా తక్కువైతే రెండూ ఒకేసారి వెలిగినట్టు కనిపించాయి. సుమారు 60 మిల్లీసెకన్ల దగ్గర మాత్రం ఒకే గీత అక్కడి నుంచి ఇక్కడికి జరిగినట్టు అనిపించింది. నిజానికి అక్కడ కదిలింది ఏదీ లేదు. కదలికను కూర్చింది చూసేవారి మెదడు. యానిమేషన్ కళ మొత్తం ఈ సత్యం మీదే నిలబడి ఉంది.

సినిమాకు శబ్దం వచ్చిన 1920ల చివరి నుంచి సెకనుకు 24 ఫ్రేములు ప్రమాణమయ్యాయి. చేతితో గీసే యానిమేటర్లు చాలా సందర్భాల్లో ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపి, సెకనుకు 12 బొమ్మలతోనే పని నడిపించారు. నేటి ఫోన్ తెర సాధారణంగా సెకనుకు 60 సార్లు, అంటే దాదాపు 17 మిల్లీసెకన్లకు ఒకసారి బొమ్మను మారుస్తుంది. ఎన్ని ఫ్రేములు వాడినా యానిమేటర్ అసలు పని ఒక్కటే: ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య వస్తువు ఎంత దూరం జరగాలో నిర్ణయించడం.

టమాటా పడే తీరు, ఆవు నడిచే తీరు

ఆ నిర్ణయానికి ఆధారం భౌతికశాస్త్రం. మదనపల్లె మార్కెట్ యార్డులో దాదాపు 120 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఒక టమాటా కింద పడిందనుకుందాం. నేలను తాకడానికి అర సెకను, అంటే సెకనుకు 24 చొప్పున 12 ఫ్రేములు పడుతుంది. ఈ 12 ఫ్రేములను మూడేసి చొప్పున నాలుగు భాగాలు చేసి లెక్కిస్తే, మొదటి భాగంలో అది సుమారు 8 సెంటీమీటర్లు, రెండో దానిలో 23, మూడో దానిలో 38, నాలుగో దానిలో 54 సెంటీమీటర్లు దిగుతుంది. నిష్పత్తి 1:3:5:7. నాలుగు శతాబ్దాల కిందట గెలీలియో కనుగొన్న సూత్రమే ఇది. కొత్తగా నేర్చుకునేవారు నాలుగు భాగాల్లోనూ సమాన దూరం పెడతారు. అప్పుడు టమాటా పడినట్టు ఉండదు, ఎవరో తాడు కట్టి దించినట్టు ఉంటుంది.

నేలను తాకిన తర్వాత ఏం జరుగుతుందన్నది వస్తువు స్వభావాన్ని బట్టి ఉంటుంది. రబ్బరు బంతి అదిమినట్టు నొక్కుకుని, పైకి లేచి, ప్రతి ఎగురుకూ ఎత్తు కోల్పోతుంది. రాయి నిలిచిపోతుంది. పండిన టమాటా చితుకుతుంది. మూడింటికీ ఒకే ఎర్రని వృత్తం గీసి ఇచ్చినా, కదలికను చూసి ప్రేక్షకుడు ఏది బంతో, ఏది రాయో, ఏది పండో చెప్పగలడు. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో వెలువరించిన గ్రంథంలో చెప్పిన పన్నెండు సూత్రాలలో మొదటిది ఈ నొక్కు, సాగుల గురించే. వాటిలో చాలావరకు బరువు, జడత్వం, ఊపు అనే భౌతికశాస్త్ర భావనలను చిత్రకారుడి భాషలోకి తెచ్చినవే.

పరిశీలనకు మన చుట్టూ ఉన్న ప్రపంచమే ప్రయోగశాల. పుంగనూరు ఆవు నడకను ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి, ఫ్రేము ఫ్రేముగా చూడండి. ఎడమ వెనుక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనుక కాలు, కుడి ముందు కాలు అన్న వరుసలో అడుగులు పడతాయి. ఆ పొట్టి ఆవు పొడుగు కాళ్ల ఒంగోలు ఎద్దుకంటే తొందర తొందరగా అడుగులు వేస్తుంది. దీనికి లోలకం సూత్రమే మూలం. లోలకం పొడవు నాలుగో వంతుకు తగ్గితే అది ఊగే సమయం సగానికి తగ్గుతుంది. కాలు అచ్చమైన లోలకం కాకపోయినా దాని ఊపు చాలావరకు అదే బాట పడుతుంది. ఈ సంగతి తెలియని యానిమేటర్ చిన్న ఆవుకు పెద్ద ఎద్దు నడక పెడతాడు. చూసేవారికి ఏదో తేడా అనిపిస్తుంది, కారణం మాత్రం చెప్పలేరు.

1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు అమర్చి పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీశాడు. నాలుగు కాళ్లూ గాలిలో ఉండే క్షణం ఒకటి ఉందని, ఆ క్షణంలో కాళ్లు కడుపు కిందకు ముడుచుకుని ఉంటాయని తేలింది. అంతవరకు చిత్రకారులు కాళ్లను ముందుకూ వెనక్కూ చాపి గీస్తూ వచ్చారు. మైబ్రిడ్జ్‌కు కెమెరాల వరుస కావలసి వచ్చింది. నేటి విద్యార్థి జేబులోని ఫోన్ అదే పని చేస్తుంది.

వంపు గీతలోని గణితం

పాతకాలపు స్టూడియోలో ముఖ్యమైన భంగిమలను పెద్ద చిత్రకారుడు గీస్తే, వాటి మధ్య బొమ్మలను సహాయకులు పూరించేవారు. మొదటివి కీ ఫ్రేములు, రెండోవి మధ్య ఫ్రేములు. ఈ మధ్య ఫ్రేములను కంప్యూటర్ చేత గీయించే పద్ధతిని కెనడా జాతీయ పరిశోధన మండలిలో నెస్టర్ బుర్ట్నిక్, మార్సెలీ వైన్ రూపొందించారు. దాని సాయంతో పీటర్ ఫోల్డెస్ తీసిన ‘హంగర్’ అనే లఘుచిత్రం 1974లో వచ్చి ఆస్కార్ నామినేషన్ పొందింది.

కంప్యూటర్ ఆ మధ్య స్థానాలను ఎలా లెక్కిస్తుంది? ఇక్కడ కార్ల కర్మాగారాల గణితం పనికొచ్చింది. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్టెల్జో, రెనో సంస్థలో పియెర్ బెజియే కారు ఒంటి వంపులను వర్ణించడానికి కొత్త రకం వక్రరేఖలను వేర్వేరుగా రూపొందించారు. నాలుగు బిందువులు చాలు, ఒక నున్నని వంపు సిద్ధం. ఫొటోషాప్‌లో పెన్ టూల్ పట్టిన ప్రతి డిజైనర్‌కూ ఆ వంపులు పరిచితమే. యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లోని గ్రాఫ్ ఎడిటర్‌లో అవే వంపులు మరో పని చేస్తాయి. అడ్డంగా కాలం, నిలువుగా స్థానం. వంపు ఏటవాలుగా ఉన్నచోట వేగం ఎక్కువ, చదునుగా ఉన్నచోట తక్కువ. వాలు వేగాన్ని తెలుపుతుందన్న ఈ మాట ఇంటర్మీడియట్‌లో అవకలనం చదివిన ఎంపీసీ విద్యార్థికి తెలిసిందే. పరీక్ష కోసం చదివిన ఆ పాఠం ఇక్కడ చేతి పనిగా మారుతుంది.

బొమ్మ మూడు కొలతల్లో తిరిగేటప్పుడు లెక్క ఇంకొంచెం క్లిష్టమవుతుంది. మూడు అక్షాల చుట్టూ విడివిడిగా తిప్పితే కొన్ని స్థానాల్లో రెండు అక్షాలు ఒకే వరుసలోకి వచ్చి, బొమ్మ ఒక దిశలో తిరగడం మానేస్తుంది. దీన్ని దాటడానికి 1843లో ఐర్లండ్ గణితవేత్త విలియం హామిల్టన్ కనుగొన్న క్వాటర్నియన్లు ఉపయోగపడ్డాయి. కెన్ షూమేక్ 1985లో వాటిని యానిమేషన్‌కు అన్వయించాడు.

తోలుబొమ్మ నేర్పే పాఠం

బొమ్మను కదిలించే విద్య మనకు దగ్గరలోనే ఉంది. పాకాల–ధర్మవరం రైలు మార్గం మదనపల్లె రోడ్ స్టేషన్, కదిరి మీదుగా ధర్మవరం చేరుతుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. యానిమేషన్ నేర్చుకునే రాయలసీమ విద్యార్థి తప్పక చూసి రావలసిన చోటు ఇది.

తోలుబొమ్మ తయారీని గమనించండి. మేక తోలును పలచగా, వెలుతురు దూరేలా శుభ్రం చేస్తారు. తల, మొండెం, చేతులు, కాళ్లు వేర్వేరుగా కత్తిరిస్తారు. నగలు, వస్త్రాల అంచులు వెలుగులో మెరిసేలా సన్నని చిల్లులు కొడతారు. కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. ఏ కీలు ఎక్కడ ఉండాలో, ఏ ముక్క ఏ ముక్కను అనుసరించాలో ముందే నిర్ణయిస్తారు. యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో రిగ్గింగ్ అనే ప్రక్రియ సరిగ్గా ఇదే: బొమ్మను భాగాలుగా విడదీయడం, ప్రతి భాగానికీ తిరిగే బిందువును నిర్ణయించడం, ఏది దేన్ని అనుసరించాలో కట్టుబాటు చేయడం. బిందువు కొద్దిగా తప్పినా మోచేయి విరిగినట్టు కనిపిస్తుంది.

ఇంకో లోతైన పోలిక ఉంది. బొమ్మ చేయిని రెండు విధాలుగా కదపవచ్చు. భుజాన్ని ఇంత, మోచేతిని ఇంత అని వరుసగా తిప్పుకుంటూ వస్తే చివరికి అరచేయి ఎక్కడికో చేరుతుంది. అలా కాకుండా అరచేయి ఫలానా చోట ఉండాలని నిర్ణయించి, దానికి తగినట్టు మోచేయి, భుజం ఎంత వంగాలో వెనక్కు లెక్కగట్టవచ్చు. రెండో పద్ధతిని సాఫ్ట్‌వేర్ భాషలో ఇన్వర్స్ కైనమాటిక్స్ అంటారు. రోబో చేతులను నడిపించే ఇంజనీర్లూ దీన్నే వాడతారు. తెర వెనుక కళాకారుడు బొమ్మ చేతికి కట్టిన పుల్లను కదిపితే మోచేయి, భుజం తమంతట తాము సర్దుకుంటాయి. ఆ సూత్రానికి పేరు పెట్టకముందే తరతరాలుగా మన ఊళ్లలో అది ఆటలో ఉంది.

నీడబొమ్మలకూ నేటి ఫోన్ తెరకూ నేరుగా ఒక బంధం కూడా ఉంది. జర్మనీకి చెందిన లొట్టె రైనిగర్ నల్లని అట్టలు కత్తిరించి, కీళ్లు పెట్టి, వెనుక నుంచి వెలుగు వేసి, ఒక్కో ఫ్రేముకు కొద్దికొద్దిగా జరిపి 1926లో ‘ద అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అహ్మద్’ అనే పూర్తి నిడివి చిత్రం తీసింది. 2017లో ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ ఇంజనీర్లు యాప్‌లలో చిన్న యానిమేషన్లను తేలికగా నడిపించే ఒక సాధనాన్ని విడుదల చేసి, ఆమె గౌరవార్థం దానికి ‘లాటీ’ అని పేరు పెట్టారు. ఇది బొమ్మను చుక్కల దొంతరగా కాకుండా గీతల వర్ణనగా భద్రపరుస్తుంది. అందువల్ల ఫైలు చిన్నదిగా ఉంటుంది, ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే పల్లెలో ఈ తేడా విలువైనది. యాప్ డిజైన్ రంగంలో పని కోరుకునేవారు ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటు లాటీ తయారీని తప్పక నేర్చుకోవాలి.

ఏ సాఫ్ట్‌వేర్, ఏ వరుసలో

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి చూద్దాం. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్‌గా పుట్టి, ఫ్లాష్‌గా పేరు మారి, వెబ్ యానిమేషన్‌ను చాలా ఏళ్లు ఏలిన సాధనం కథ అందరూ గుర్తుంచుకోవాలి. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ముగిసింది. దాన్ని నమ్ముకున్నవారిలో కదలిక సూత్రాలు తెలిసినవారు ఆ విద్యతోనే వేరే సాధనాలకు మారగలిగారు.

డబ్బు లేకపోవడం నేడు పెద్ద అడ్డంకి కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన టాన్ రోసెండాల్ 1990లలో మొదలుపెట్టిన బ్లెండర్, దాని కంపెనీ మూతపడ్డాక కనుమరుగు కావలసింది. 2002లో వాడకందారులు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి దాని హక్కులు విడిపించారు. అప్పటి నుంచి అది అందరికీ ఉచితం. లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ బ్లెండర్‌తో తీసిన ‘ఫ్లో’ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది. జపాన్‌లో జిబ్లీ స్టూడియో వాడిన టూన్జ్ కూడా 2016 నుంచి ఓపెన్‌టూన్జ్ పేరుతో ఉచితంగా దొరుకుతోంది. బొమ్మలు గీయడానికి క్రిటా అనే సాఫ్ట్‌వేర్ ఉంది. నిమ్మనపల్లెలో ఓ మోస్తరు కంప్యూటర్, ఇంటర్నెట్ ఉన్న విద్యార్థి వాడే సాధనం ఆస్కార్ గెలిచిన దర్శకుడు వాడినదే కావచ్చు.

నేర్చుకునే వరుస ఇలా ఉంటే మేలు. మొదట ఎగిరే బంతి. తర్వాత లోలకం. ఆపై పిండి బస్తా, అంటే ముఖం, చేతులు లేకుండా కేవలం బరువుతో భావం పలికించే అభ్యాసం. ఆ తర్వాత మనిషి నడక, జంతువు నడక. వీటిని కాగితం మీదా, ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ చేశాక, వెళ్లదలచిన దారిని బట్టి సాధనాన్ని ఎంచుకోవాలి: ప్రకటనలు, మోషన్ గ్రాఫిక్స్ అయితే ఆఫ్టర్ ఎఫెక్ట్స్, సినిమా పాత్రలైతే బ్లెండర్ లేదా మాయా, ఆటలైతే వాటితో పాటు ఒక గేమ్ ఇంజన్.

తెలుగు అక్షరానికి ప్రత్యేక శ్రద్ధ

తెలుగు డిజైనర్‌కు బాగా తెలిసిన ఒక సమస్య ఉంది. అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరి వచ్చే యానిమేషన్ ఇంగ్లిష్‌లో సులువు. తెలుగులో ‘లక్ష్మి’ అన్న పేరును చూడండి. కంటికి అందులో రెండు అక్షరాలే. యూనికోడ్‌లో అది ఏడు సంకేతాలు. సాఫ్ట్‌వేర్ ఆ ఏడింటినీ విడదీసి ఎగరేస్తే ఒత్తులు ఒకచోట, గుడి మరోచోట పడి పేరు ఛిద్రమవుతుంది. ఈ బాధ తప్పించుకోవడానికి చాలామంది అక్షరాలను బొమ్మలుగా మార్చి వాడుతున్నారు. యూనికోడ్ ఖతులను, భారతీయ లిపుల అమరికకు తగిన సెట్టింగులను వాడుతూ, అక్షరాన్ని సంకేతంగా కాక పూర్తి అక్షరంగా విడదీయడం సరైన మార్గం. ఈ పనిలో నైపుణ్యం సాధించినవారికి పెళ్లి వీడియోల నుంచి సినిమా టైటిళ్ల వరకు తమదంటూ ఒక చోటు ఉంటుంది.

కదలికకు బాధ్యత కూడా ఉంది. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో ప్రసారమైన ఒక పోకెమాన్ భాగంలో ఎరుపు, నీలం రంగులు వేగంగా మారిమారి మెరవడంతో వందలాది మంది పిల్లలు మూర్ఛ వంటి లక్షణాలతో ఆసుపత్రి పాలయ్యారు. ఇలాంటి ముప్పును నివారించడానికే సెకనుకు మూడుసార్లకు మించి మెరుపులు ఉండకూడదని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. తెరపై అతి కదలిక కొందరికి తలతిప్పు తెస్తుంది. వారి కోసం ఫోన్లలో కదలికను తగ్గించే సెట్టింగు ఉంది. దాన్ని గౌరవించేలా డిజైన్ చేయడం వృత్తిధర్మం.

ఉపాధి: ఆశ, వాస్తవం

తెలుగు నేలపై ఈ రంగానికి చరిత్ర ఉంది. రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచి 2008లో ఛోటా భీమ్ వచ్చి దేశమంతటి పిల్లలకు చేరువైంది. 2012 నాటి ‘ఈగ’ సినిమాలో మాటలు లేని చిన్న ప్రాణి పగనూ ప్రేమనూ కేవలం ఒంటి కదలికలతో పలికించింది. ఆ చిత్రం విజువల్ ఎఫెక్ట్స్‌కు మకుట సంస్థ జాతీయ పురస్కారం అందుకుంది. 2023 సంవత్సరపు జాతీయ పురస్కారాల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ‘హనుమాన్’ ఉత్తమ చిత్రమైంది. చదువు విషయానికొస్తే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం యానిమేషన్‌లో డిగ్రీ నడుపుతోంది. మనకు ఇంకా దగ్గరగా కడపలో 2020లో వైఎస్సార్ పేరిట అటువంటి విశ్వవిద్యాలయమే ఏర్పడింది.

అయితే ఈ రంగంలోని ఒడిదుడుకులను దాచకూడదు. ‘లైఫ్ ఆఫ్ పై’కి ఆస్కార్ వచ్చిన 2013 ఫిబ్రవరిలోనే, దాని విజువల్ ఎఫెక్ట్స్ చేసిన రిథమ్ అండ్ హ్యూస్ దివాలా పిటిషన్ వేసింది. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2025 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ టెక్నికలర్ కుప్పకూలినప్పుడు బెంగళూరులోని దాని కళాకారులు ఒక్కసారిగా వీధిన పడ్డారు. కృత్రిమ మేధ ఇప్పుడు అడిగిన క్షణాల్లో వీడియో తీసి ఇస్తోంది. అందులో బరువు లేని నడకను, తప్పుగా వంగిన కీలును గుర్తించి సరిచేయడానికి మాత్రం కదలిక తెలిసిన కన్ను కావాలి. ఒక సంస్థను, ఒక సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోవడం కన్నా ఆ కన్నును సంపాదించుకోవడమే భద్రమైన పెట్టుబడి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కళాశాలల అధ్యాపకులకు ఒక విన్నపం. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో లోలకం లెక్కించే విద్యార్థి చేత దాన్ని యానిమేట్ చేయించండి. గణిత విద్యార్థికి వాలు అంటే ఏమిటో గ్రాఫ్ ఎడిటర్‌లో చూపించండి. ఏడాదికి ఒక్కసారైనా నిమ్మలకుంట కళాకారులను పిలిచి, తెర వెనుక నిలబడి నేర్చుకునే అవకాశం పిల్లలకు ఇవ్వండి. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం ఆ బొమ్మల కదలికలను డిజిటల్ రూపంలో భద్రపరిచే బాధ్యత తీసుకుంటే, అది మన కళకూ మన పిల్లల ఉపాధికీ ఏకకాలంలో చేసే సేవ అవుతుంది.

విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. ఖరీదైన కోర్సులో చేరడానికి ముందు బ్లెండర్‌ను దించుకోండి. ఒక బంతిని గీయండి. అది నేలను తాకి లేచినప్పుడు పక్కనున్నవారికి దాని బరువు తెలిసేదాకా మళ్లీ మళ్లీ సరిదిద్దండి. మీ డిజైన్ వృత్తిలో రెండో అధ్యాయం అక్కడే మొదలవుతుంది.